తప్పులో కాలేసిన కాలయాత్రికుడు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత సైన్స్ ఫిక్షన్ రచయితల మీద ఒక వ్యాసం వేశారు. ఎవరు చెప్పినవి ఎన్ని నిజమయ్యాయో లెక్క కట్టి, ఒక్కొక్కరికీ మార్కులు వేసి, హెచ్.జి. వెల్స్ రాసిన 'ది టైమ్ మెషీన్' దగ్గరికి వచ్చేసరికి ఇందులో నిజమైంది ఒక్కటీ లేదని ఒక్క ముక్కలో తేల్చేసి పక్కకి జరిగిపోయారు. చదివి ఊరుకుందామనే అనుకున్నాను. రెండు రోజులు ఊరుకున్నాను కూడా. మూడో రోజు పుస్తకం బయటికి తీసి మళ్లీ చదివాను, ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

అసలు ఆ నవల జరిగేదే 8,02,701వ సంవత్సరంలో. అందులో చెప్పింది నిజమైందో లేదో తేల్చడానికి ఇంకా కాస్త టైముంది కదండీ, అంత తొందరేమొచ్చింది?

సరే, వెటకారం మానేస్తాను. జోస్యాల లెక్కతో కొలిస్తే ఈ పుస్తకంలో ఉన్న అసలు సరుకు చేతికి అందదని నా గొడవ. ఎందుకంటే ఈ కథలో హీరో మొదటి నుంచి చివరి దాకా చేసే పనే తప్పుడు అంచనాలు వేయడం. ఒకటి వేస్తాడు, అది తప్పని తెలుస్తుంది, దాచుకోకుండా అందరి ముందూ ఒప్పుకుంటాడు, ఇంకోటి వేస్తాడు, అదీ తప్పుతుంది. నేను చదివిన కథల్లో ఇన్నిసార్లు బోల్తా పడి, ఆ పడిన సంగతి తనే వరసగా చెప్పుకునే సైంటిస్టు ఇంకొకడు కనపడలేదు. అలాంటి పుస్తకానికి "ఎన్ని కరెక్ట్, ఎన్ని రాంగ్" అని మార్కులేయడం నాకైతే నవ్వొచ్చింది, కాస్త కోపం కూడా వచ్చింది.

చదవనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. లండన్ పక్కన రిచ్మండ్‌లో ఒక సైంటిస్టు ఇల్లు. ప్రతి గురువారం స్నేహితులు భోజనానికి వస్తుంటారు. ఆయన పేరేంటో నవల మొత్తంలో ఎక్కడా చెప్పరు, కాలయాత్రికుడు అంటారంతే. వచ్చినవాళ్లలో కూడా చాలామందికి పేర్లుండవు, ఒకాయన డాక్టరు, ఒకాయన సైకాలజిస్టు, ఒకాయన మేయరు. పొడవు, వెడల్పు, ఎత్తు లాగే కాలం కూడా ఒక కొలతే, అందులోనూ ముందుకీ వెనక్కీ కదలొచ్చు అని వాళ్లకి చెప్తాడు. నమ్మరు. బల్ల మీద పట్టేంత చిన్న నమూనా యంత్రం పెట్టి, సైకాలజిస్టు వేలితోనే దాని మీటని నొక్కించి, అందరి కళ్ల ముందే మాయం చేస్తాడు. అయినా నమ్మరు. మరుసటి గురువారం అందరూ భోజనానికి కూర్చున్నాక కోటు నిండా మురికితో, చెప్పులు లేకుండా, రక్తం అంటిన మేజోళ్లతో కుంటుకుంటూ లోపలికి వస్తాడు. సాయంత్రం నాలుగింటికి ప్రయోగశాలలో ఉన్న మనిషి ఎనిమిదింటికల్లా తిరిగొచ్చాడు, ఆ మధ్యలో తను ఎనిమిది రోజులు బతికానంటాడు. ఇక అక్కడి నుంచి కథంతా ఆయన నోటి మాటే.

కాలం నాలుగో కొలత అన్న మాట చూసి, ఐన్‌స్టీన్ కంటే 10 ఏళ్ల ముందే చెప్పేశాడహో అని కొంతమంది ఈ పుస్తకాన్ని తెగ మోస్తుంటారు. నవల వచ్చింది 1895లో, ఐన్‌స్టీన్ పేపరు 1905లో, అంతవరకూ నిజమే. కానీ ఆ మార్కు కూడా వెల్స్‌కి వద్దంటాను నేను. నాలుగో కొలత గురించి సైమన్ న్యూకూంబ్ అనే ప్రొఫెసరు అప్పటికే మాట్లాడుతున్నాడని కాలయాత్రికుడి చేతే చెప్పించాడు, తన సొంత గొప్పగా చెప్పుకోలేదు. యంత్రమెక్కి కాలంలోకి పోవడం కూడా ఆయనే మొదలెట్టింది కాదు, 1887లోనే ఒక స్పానిష్ రచయిత రాశాడు. టైమ్ మెషీన్ అన్న మాట లోకానికి అలవాటైంది మాత్రం ఈయన వల్లే. అంతకు ముందు వచ్చిన పేరున్న కథల్లో మనిషి నిద్రపోయి తర్వాతి కాలంలో లేచేవాడు, లేదంటే నెత్తిన దెబ్బ తగిలి పాత కాలంలో తేలేవాడు. వెల్స్ చేతికి ఒక మీట ఇచ్చాడు, కూర్చోడానికి సీటు ఇచ్చాడు. సైకిలెక్కినట్టు ఎక్కి నీ ఇష్టమొచ్చినప్పుడు బయల్దేరు, ఇష్టమొచ్చినప్పుడు ఆగు.

ఆ బయల్దేరడం ఎంత బాగా రాశాడో. ఇంటి పనులు చూసే వాచెట్ అనే ఆవిడ ప్రయోగశాలలోకి వచ్చి తోట తలుపు వైపు నడిచి వెళ్తుంది. మామూలుగా ఒక నిమిషం పట్టే నడక, యంత్రం మీదున్న ఈయనకి ఆవిడ రాకెట్‌లా దూసుకుపోయినట్టు కనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే నిమిషం మీదుగా వస్తాడు కాబట్టి ఈసారి ఆవిడ వెనక్కి వెనక్కి నడుస్తూ, వీపు ముందుగా గదిలోకి జారుకుని, ఇందాక వచ్చిన తలుపు వెనక మాయమవుతుంది. ఇంకోటుంది. యంత్రం గదిలో ఒక మూల నుంచి బయల్దేరి, ఎదురు మూలలో గోడకి ఆనుకుని దిగుతుంది. ఎందుకంటే అది కాలంలో కదులుతుంది గానీ చోటు మారదు, భవిష్యత్తులో దాన్ని ఎవరో ఎంత దూరం ఈడ్చుకెళ్లారో సరిగ్గా అంత దూరం ఇక్కడ గదిలోనూ తేడా వచ్చింది. పుస్తకం మూసేశాక అర్ధరాత్రి ఇది గుర్తొచ్చి లేచి కూర్చున్నాను ఒకసారి. ఎంత చిన్న విషయం, ఎంత పకడ్బందీగా పెట్టాడు!

ఇక ఆయన తప్పుల సంగతి.

8,00,000 ఏళ్ల తర్వాత మనుషులంటే చదువులో, విజ్ఞానంలో మనల్ని ఎక్కడో దాటిపోయి ఉంటారనుకుని దిగుతాడు. వడగళ్ల వానలో, సింహం ఒళ్లూ మనిషి తలా ఉండే ఒక తెల్లటి స్ఫింక్స్ బొమ్మ ముందు. ఎదురొచ్చిన మనుషులు నాలుగడుగుల ఎత్తు, పసిపిల్లల మొహాలు. వాళ్లలో ఒకడు ఈయన్ని మొట్టమొదట అడిగే ప్రశ్న ఏంటంటే, ఉరుముల వానలో సూర్యుడి నుంచి దిగొచ్చావా అని. అయిదేళ్ల పిల్లాడు అడిగే ప్రశ్న. అంతే, మొదటి అంచనా అక్కడికక్కడే పేలిపోయింది. వీళ్లే ఎలోయ్‌లు. పళ్లు తింటారు, పూలు కోస్తారు, ఆడుకుంటారు, చీకటంటే భయపడి అందరూ ఒక్కచోట ముడుచుకుని పడుకుంటారు. విడివిడి ఇళ్లు లేవు, పెద్ద పెద్ద భవనాలున్నాయి, పని చేసేవాడు ఒక్కడూ కనపడడు. ఓహో, ఇది కమ్యూనిజం అనుకుంటాడు. కష్టాలన్నీ తీరిపోయాయి, రోగాలు లేవు, పోటీ లేదు, అవసరం లేకపోయేసరికి తెలివీ బలమూ కూడా మెల్లగా సన్నగిల్లాయి అని ఒక కొండ మీద కూర్చుని సూర్యాస్తమయం చూస్తూ చక్కటి సిద్ధాంతం అల్లుతాడు. చదువుతుంటే మనకీ భలే ఉందే అనిపిస్తుంది. చెప్పడం అయిపోగానే ఆయనే అంటాడు, చాలా తేలిగ్గా ఉంది నా వివరణ, నమ్మేలా కూడా ఉంది, తప్పుడు సిద్ధాంతాలు చాలావరకు అలాగే ఉంటాయిగా అని. ఆ మాట దగ్గర నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఆగాను. ఈ వాక్యం ఫ్రేము కట్టించి ఎక్కడెక్కడ తగిలించాలో నా దగ్గర ఒక లిస్టుంది, అందులో మా ఆఫీసు మీటింగు గదీ ఉంది, మా ఇంటి హాలూ ఉంది.

కొండ దిగి వచ్చేసరికి యంత్రం లేదు. ఆ తర్వాత బావుల్లాంటి గోతులు, వాటి లోపలి నుంచి దడ్ దడ్ మని యంత్రాల చప్పుడు, రాత్రిళ్లు తిరిగే తెల్లటి ఆకారాలు. నేల కింద ఇంకో జాతి ఉందన్నమాట, మోర్లాక్‌లు. అప్పుడు రెండో సిద్ధాంతం పుడుతుంది. డబ్బున్నవాళ్లు పైన ఉండిపోయారు, కూలివాళ్లని కిందికి నెట్టారు, తరాల తరబడి అలాగే ఉండి ఉండి రెండు జాతులైపోయారు, పైవాళ్లు దొరలు, కిందివాళ్లు నౌకర్లు. దీనికి ఆధారం ఆయన తన కాలం నుంచే చూపిస్తాడు, అప్పటికే లండన్‌లో భూగర్భ రైలుంది, 1863 నుంచీ నడుస్తోంది, నేల కింద పనిచేసే గదులున్నాయి, తినే హోటళ్లున్నాయి, ఇది ఇలాగే పోతే ఎక్కడికి పోతుంది అని.

ఇక్కడ వెల్స్ సొంత జీవితం కూడా కాస్త తెలియాలి. వాళ్లమ్మ సారా, ససెక్స్‌లో అప్‌పార్క్ అనే జమీందారీ భవంతిలో ఇంటి పనులన్నీ చూసే మనిషి. నౌకర్ల బతుకంతా భవంతి అడుగు అంతస్తులోనే. వంటిల్లు విడిగా ఉండేది, అక్కడి నుంచి భవంతికి నేల కింద సొరంగం దారి. ఆ అడుగు అంతస్తులో తిరిగిన పిల్లాడే తర్వాత బట్టల కొట్లో పనికి కుదిరాడు, అక్కడి నుంచి ఎలాగో తప్పించుకుని చదువుకున్నాడు. మోర్లాక్‌ల గోతిలోకి కాలయాత్రికుడు దిగే అధ్యాయం ఈ సంగతి తెలిశాక చదివితే వేరేగా ఉంటుంది.

ఆ రెండో సిద్ధాంతం కూడా నిలబడదు. మోర్లాక్‌ల గుహలో బల్ల మీద మాంసం చూస్తాడు. అది ఏ జంతువు మాంసమా అని ఆలోచిస్తాడు, జంతువులన్నీ ఎప్పుడో అంతరించిపోయాయి కదా అనుకుంటాడు, అయినా చాలాసేపటి దాకా ఆయనకి తట్టదు. తట్టాక తలకిందులవుతుంది మొత్తం. పైనున్నవాళ్లు దొరలు కారు, మేపుతున్న పశువులు. వాళ్లకి బట్టలు కుట్టేదీ, వాళ్ల అవసరాలు చూసేదీ కిందివాళ్లే, అదేదో పాత నౌకరీ అలవాటు కొద్దీ జరిగిపోతోంది, కానీ చీకటి రాత్రుల్లో లెక్క వేరు. ఇంతా చెప్పి, ఇదీ తప్పే కావొచ్చు, నాకు తోచింది మీకు చెప్తున్నాను అంటాడు చివర్లో. అక్కడ నేను లేచి చప్పట్లు కొట్టాలనుకున్నాను.

ఇందాక చెప్పకుండా వదిలేసిన చిన్న సంగతి ఒకటుంది. చెప్పులు లేకుండా కుంటుకుంటూ వచ్చాడన్నానే, వచ్చి స్నానానికి పోతూ అడిగేది ఏంటంటే, ఆ మటన్ కొంచెం నాకుంచండి, మాంసం కోసం ప్రాణం లేచిపోతోంది అని. మొదటిసారి చదివినప్పుడు ఆకలేసిన మనిషి అనుకుని దాటిపోయాం. కథంతా తెలిశాక వెనక్కొచ్చి ఆ వాక్యం చదవండి, ఒళ్లు జలదరిస్తుంది.

మీ వ్యాసంలో ఇంకో మాట కూడా నచ్చలేదు. పరిణామం అంటే ముందుకు పోవడమే కాబట్టి వెల్స్ ఊహ శాస్త్రానికి విరుద్ధమట! తిరగేసి రాశారండీ. వెల్స్ లండన్‌లో జీవశాస్త్రం చదివింది థామస్ హక్స్‌లీ దగ్గర, డార్విన్ తరఫున ఊరూవాడా వాదించిన ఆ హక్స్‌లీయే. పరిణామానికి ముందూ వెనకా అని లేదు, ఏ జీవి ఉన్న పరిస్థితికి ఏది సరిపోతే అది నిలుస్తుంది, అంతే. చీకటి గుహల్లో బతికే చేపలకి కళ్లు పోయాయి. పరాన్నజీవులకి చాలావాటికి కాళ్లూ పొట్టా కూడా అక్కర్లేకుండా పోయాయి. సముద్రంలో ఒక జీవి ఉంటుంది, పిల్లగా ఉన్నప్పుడు వెన్నెముక లాంటి బద్ద, దాంతోపాటు ఈదే తోక అన్నీ ఉంటాయి, పెద్దయ్యాక ఒక రాయికి అతుక్కుని అవన్నీ వదిలేసుకుని సంచిలా మిగిలిపోతుంది. వెల్స్ ఈ వెనకడుగు పరిణామం మీద 1891లోనే ఒక వ్యాసం రాశాడు. అదే సూత్రం మనిషికి వర్తిస్తే ఏమవుతుందన్నదే ఈ నవల. మనిషి జాతి వయసు ఇప్పటికి సుమారు 3,00,000 ఏళ్లని అంచనా, వెల్స్ తీసుకున్న గడువు దానికి రెండున్నర రెట్లు పైనే. ఈ గడువులో జాతి రెండుగా చీలిపోవడం అసాధ్యమేమీ కాదు.

నన్ను ఈసారి బాగా పట్టేసింది మాత్రం మోర్లాక్‌లే. ఇన్నేళ్లూ వాళ్లని రాక్షసులుగానే చదివాను, కాలయాత్రికుడు కూడా అలాగే చూస్తాడు. కానీ చివర్లో స్ఫింక్స్ కింద గదిలో తన యంత్రం దొరికినప్పుడు ఒక వింత గమనిస్తాడు. దానికి శుభ్రంగా నూనె పెట్టి, తుడిచి ఉంది. బహుశా దాన్ని విప్పి, ఇదేంటో అర్థం చేసుకోవాలని వాళ్లకి చేతనైనట్టు ప్రయత్నించి ఉంటారంటాడు. అనేసి పక్క వాక్యానికి వెళ్లిపోతాడు, వెల్స్ కూడా ఆగడు, కానీ నేను ఆగిపోయాను. పూలు కోసే ఎలోయ్‌లలో ఆ యంత్రాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. తెలుసుకోవాలన్న తపన, చేతిపని, యంత్రం మీద శ్రద్ధ, అంటే కాలయాత్రికుడి గుణాలేవైతే ఉన్నాయో అవన్నీ ఆ 8,00,000 ఏళ్ల తర్వాత మిగిలింది ఎవరి దగ్గరయ్యా అంటే నేల కింద నరమాంసం తినేవాళ్ల దగ్గర. ఆయన మాత్రం వాళ్ల తలలు ఇనపకడ్డీతో పగలగొట్టడంలో ఉత్సాహం చూపిస్తాడు. ఆయన వేసిన అంచనాల్లో ఆయన ఎప్పటికీ దిద్దుకోని తప్పు ఇదొక్కటేనేమో. వెల్స్ ఇది కావాలనే పెట్టాడో చేయి జారిందో నాకు తెలీదు, కావాలనే అనుకోవడం నాకిష్టం.

లోపాలు లేవని కాదు. వీనా అనే ఎలోయ్ అమ్మాయి నదిలో కొట్టుకుపోతుంటే తోటివాళ్లెవరూ కదలరు, ఈయన దూకి బయటికి లాగుతాడు, ఆ పిల్ల ఇక ఈయన్ని వదలదు. ఆమెని మనిషిలా కాకుండా పెంపుడు కుక్కపిల్లని చూసినట్టు చూస్తాడు చాలాచోట్ల. అది ఇప్పుడు చదివితే ఇబ్బందిగానే ఉంటుంది. పైగా ఆమె చావుకి ఒకరకంగా ఈయనే కారణం, మోర్లాక్‌లని తరమడానికి అడవిలో పెట్టిన మంట చుట్టుముట్టింది, కాపలా కాయాల్సినవాడు నిద్రపోయాడు, లేచేసరికి పిల్ల లేదు. అగ్గిపుల్లలు కూడా ముందే ఎలోయ్‌లకి తమాషా చూపిద్దామని దాదాపు సగం పెట్టె గీసి పారేశాడు. ఇన్ని తెలివితక్కువ పనులు చేసిన హీరోని ఏ రచయితైనా కాస్త వెనకేసుకొస్తాడు, వెల్స్ అస్సలు వెనకేసుకురాడు.

మ్యూజియం అధ్యాయం గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. పచ్చ పింగాణీ భవనం ఒకటుంటుంది, లోపల దుమ్ము పట్టిన అస్థిపంజరాలు, తుప్పు పట్టిన యంత్రాలు, డైనమైటు కట్టలు. దొరికింది ఆయుధం అని సంబరపడితే అవి ఉత్త నమూనాలు! ఒక గదిలో చిరిగిన గుడ్డ పీలికల్లా ఏవో వేలాడుతుంటాయి. అవి పుస్తకాలు. మనిషి రాసిందంతా అలా మట్టయిపోయిందే అని బాధపడతాడు, ఆ వెంటనే గుర్తొచ్చింది మాత్రం కాంతి శాస్త్రం మీద తను రాసిన 17 పరిశోధన వ్యాసాలట. మనిషన్నవాడు ఎక్కడున్నా మనిషే. అదే భవనంలో దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన ఒక రాతి బొమ్మ ముక్కు మీద తన పేరు రాసేసి వస్తాడు, ఉబలాటం ఆపుకోలేక. ఆ బొమ్మ ముక్కుకి తెలిసిన పేరు మనకి చెప్పలేదు వెల్స్.

ఇక ఆఖరి ప్రయాణం. 3 కోట్ల ఏళ్ల అవతల సముద్రపు ఒడ్డు. సూర్యుడు ఎర్రగా ఉబ్బి ఆకాశంలో పదో వంతు ఆక్రమించి కదలకుండా నిలబడిపోయాడు. అలల్లేవు, పక్షుల అరుపు లేదు, పురుగుల రొద లేదు. మంచు పడుతోంది. గ్రహణం పట్టి చీకటైపోయాక, ఆ ఒడ్డున ఫుట్‌బాల్ అంత నల్లటిదేదో మీసాలు ఈడ్చుకుంటూ ఎగిరి ఎగిరి పడుతుంటుంది. అంతే మిగిలింది ప్రాణం అన్నది. రెండు పేజీలుంటుందేమో, ఆ తర్వాత ఎవరెన్ని వందల పేజీలు రాసినా ఆ నిశ్శబ్దాన్ని దాటలేకపోయారనేది నా అభిప్రాయం.

ఇక్కడ సైన్సు పరంగా తప్పుంది, ఒప్పుకుంటున్నాను. సూర్యుడి వయసు ఇప్పటికి 460 కోట్ల ఏళ్లు, ఇంకో 500 కోట్ల ఏళ్లకి గానీ ఆరిపోడు, 3 కోట్లలో ఏమీ కాదు. పైగా సూర్యుడి వేడి మెల్లగా పెరుగుతోంది కాబట్టి భూమికి ముందు వచ్చే ముప్పు గడ్డకట్టడం కాదు, మాడిపోవడం, అదీ 100 కోట్ల ఏళ్లకి. కానీ 1895లో సూర్యుడు దేనితో మండుతున్నాడో ఎవరికీ తెలీదు. తనలోకి తాను కుంచించుకుపోతూ వేడి పుట్టిస్తున్నాడనీ, ఆ లెక్కన కొన్ని కోట్ల ఏళ్లే ఉంటాడనీ భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ అంతటివాడే చెప్పాడు. రేడియో ధార్మికత బయటపడిందే ఆ మరుసటేడు, 1896లో. సూర్యుడు మండేది అణు సంలీనంతో, అంటే చిన్న పరమాణు కేంద్రకాలు కలిసిపోవడంతో అన్న సంగతి తేలింది 1930ల చివర్లో. వెల్స్ 1931లో ఇదే నవలకి ముందుమాట రాస్తూ, లోకం గడ్డకట్టి తీరుతుందని ఆనాటి శాస్త్రవేత్తలు మాకు ఘోరమైన అబద్ధాలు చెప్పారని వాపోయాడు. చూశారా, రచయిత కూడా తన హీరో లాగే, ఇదుగో ఇక్కడ పొరపడ్డాను అని చేయెత్తాడు. మీ మార్కుల పట్టికలో ఈ గుణానికి గడి ఉందా?

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. ఈ నవలలో కాలయాత్రికుడు పాతకాలానికి వెళ్లి రాక్షస బల్లుల్ని చూస్తాడని ఏళ్ల తరబడి అందరికీ చెప్పాను, ఒకరితో పందెం కూడా కాశాను. ఈ వారం చదివితే అలాంటి సీనే లేదు. చివరిమాటలో మాత్రం, రెండోసారి వెళ్లినవాడు మూడేళ్లయినా తిరిగి రాలేదు, ఒకవేళ ఏ పాత యుగంలోనో ఆ బల్లుల మధ్య చిక్కుకున్నాడేమో అని, ఆ భోజనాలకి వచ్చి ఈ కథ మనకి చెప్పే స్నేహితుడు అనుకుంటాడు, అంతే. సినిమాల్లో చూసిందేదో నా బుర్రలో కలిసిపోయింది. పందెం డబ్బులు ఇచ్చేయాలి.

సంపాదకులు గారూ, ఇది మీకు రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ రెండో గురువారం భోజనాల బల్ల దగ్గర ఒక ఎడిటరు, ఒక జర్నలిస్టు కూడా ఉంటారు. కాలయాత్రికుడు చిందరవందరగా లోపలికి రాగానే "ప్రముఖ శాస్త్రవేత్త వింత ప్రవర్తన" అంటాడు ఎడిటరు, ఆయనకి ఆలోచనలన్నీ హెడ్డింగుల్లోనే వస్తాయట! అంత కథా అయ్యాక జర్నలిస్టు గడియారం తీసి చూసుకుంటాడు, ఒంటిగంట కావస్తోంది ఇంటికెలా పోవాలి అని. ఆరో చుట్ట కాలుస్తున్న ఎడిటరు, మీరు కథలు రాసేవాళ్లయ్యుంటే ఎంత బాగుండేది అని కాలయాత్రికుడి భుజం తట్టి, బండిలో ఇంటికి పోతూ పచ్చి అబద్ధం అని కొట్టిపారేస్తాడు. మిమ్మల్ని ఏమీ అనడం లేదు, నవలలో ఉన్నదే చెప్తున్నాను.

బయట కూడా ఈ నవలకి ఎడిటర్ల గొడవ ఉంది. 1895 జనవరి నుంచి మే దాకా 'న్యూ రివ్యూ' పత్రికలో సీరియల్‌గా వచ్చింది, ఎడిటరు హెన్లీ. ఇంకొంచెం రాయి, మనిషి ఇంకా ఎంత దిగజారతాడో చూపించు అని ఆయన పట్టుబడితే వెల్స్ రాసిచ్చాడు. కంగారూల్లా గెంతే చిన్న జంతువులు, అవే చివరికి మిగిలిన మనుషులు, వాటిని వేటాడే పెద్ద జెర్రి. అదే ఏడు హైన్‌మన్ వాళ్లు పుస్తకం వేసేటప్పుడు ఆ ముక్క తీసేశాడు. మంచి పని చేశాడు. అప్పటికి ఆయనకి 28 ఏళ్లు, ఆరోగ్యం అంతంతమాత్రం, చేతిలో డబ్బుల్లేవు. దీపానికి చమురు తెగ తగలేస్తున్నాడని ఇంటి ఓనరమ్మ బయట చీకట్లో సణుగుతుంటే కిటికీ దగ్గర కూర్చుని రాశానని తర్వాత చెప్పుకున్నాడు. ఆవిడ సణిగిన ఆ చమురు ఖర్చుకి 3 కోట్ల ఏళ్లు చూసొచ్చాం మనం.

అన్నట్టు, పేపరు మీద నాకున్న గౌరవం కొద్దీ ఇది కూడా చెప్పాలి. ఆ చివరి ఒడ్డు నుంచి తిరిగొచ్చిన కాలయాత్రికుడు, జరిగిందంతా కలేమో అన్న అనుమానంతో లోపలికి నడుస్తూ, తలుపు పక్క బల్ల మీద ఉన్న ఆ రోజు పేపరు చూస్తాడు, 'పాల్ మాల్ గెజెట్'. తేదీ ఈ రోజుదే. అప్పుడు నమ్ముతాడు ఇంటికొచ్చానని. ఆ తర్వాతే గిన్నెల చప్పుడు, స్నేహితుల గొంతులు, మాంసం వాసన.

ఆయన చెప్పినదానికి రుజువులు రెండే మిగిలాయి. వీనా ఈయన జేబులని పూలు పెట్టుకునే పాత్రలనుకుని నింపింది. ఆ జేబులోంచి వాడిపోయిన తెల్ల పూలు రెండు తీసి బల్ల మీద పెడతాడు. డాక్టరు దీపం కింద పట్టి చూసి, ఇవి ఏ జాతివో నాకు తెలీదు, వీటి లోపలి భాగం వింతగా ఉంది, నాకిస్తారా అంటాడు. ఇవ్వనంటాడు కాలయాత్రికుడు. మూడేళ్ల తర్వాత అవి కథ చెప్పే ఆ స్నేహితుడి దగ్గరుంటాయి, గోధుమరంగుకి తిరిగి, పెళుసుగా. తెలివీ బలమూ పోయాక కూడా ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉండిపోయిందనడానికి ఇవి సాక్ష్యం అని ఆయన ఓదార్చుకుంటాడు. ఇది కూడా ఒక అంచనాయే. కరెక్టో కాదో ఎవరికి తెలుసు, నాకైతే నమ్మాలనుంది.

ఉత్తరం పొడవైందని తెలుసు, మీరు కత్తిరిస్తారనీ తెలుసు. సూర్యుడి లెక్కలు తీసేయండి, నా పందెం సంగతి తీసేయండి, మీ మీద వేసిన రెండు చురకలు కూడా కావాలంటే తీసేయండి. మోర్లాక్‌లు నూనె పెట్టిన ముక్కా, పూల ముక్కా మాత్రం ఉంచండి. ఈ నవల మొత్తం సుమారు 32,000 మాటలే, ఒక సెలవు రోజు చాలు, ఆ వ్యాసం రాసినాయనకి పుస్తకం లేకపోతే నాది పంపిస్తాను. తిరిగిచ్చేస్తేనే సుమండీ, ఇంతకు ముందు ఒక కాపీ అలాగే పోయింది.

ఇట్లు
మీ పాత పాఠకుడు